చేరేముందే అడగండి!

ఇంటర్వ్యూ అంటే మన ఇళ్ళల్లో హడావిడి అంతా ఇంతా కాదు. చీరా, చుడీదారా అని ఒక చర్చ. సర్టిఫికెట్లన్నీ ఫైల్లో వరసగా సర్దుకోవడం, "మీ గురించి చెప్పండి" అంటే ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి పదిసార్లు వల్లె వెయ్యడం, దేవుడి దగ్గర దీపం పెట్టి గడప దాటడం. ఇంత చేసి వెళ్ళిన అమ్మాయి అక్కడ అరగంటసేపు అడిగినవాటన్నిటికీ చక్కగా జవాబులు చెబుతుంది. ఆఖర్న వాళ్ళు "మీరేమైనా అడుగుతారా?" అనగానే మాత్రం తడబడిపోతుంది. "ఏం లేదండీ, థాంక్యూ సర్" అని లేచి వచ్చేస్తుంది.

ఈ వారం మన కబుర్లు ఆ ఒక్క ప్రశ్న గురించే.

"ఉద్యోగం ఇవ్వడమే గొప్ప, పైగా ఎదురు ప్రశ్నలు కూడానా?" అని మనలో చాలామందికి ఉంటుంది. చిన్నప్పట్నించీ అలాగే పెరిగాం మరి. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అడక్కూడదు, పెళ్ళిచూపుల్లో తల ఎత్తకూడదు. కానీ అదే మనం రెండువందల రూపాయల చీర కొనేటప్పుడు ఊరుకుంటామా? మడత విప్పించి, తిరగేసి చూసి, రంగు పోతుందా, జాకెట్ ముక్క ఉందా, బాగాలేకపోతే మారుస్తారా అని నాలుగు ప్రశ్నలు వేసి గానీ డబ్బులు తియ్యం. రోజుకి ఎనిమిది గంటలు, ఏళ్ళ తరబడి మన వయసునీ ఓపికనీ పెట్టే ఉద్యోగం దగ్గర మాత్రం నోరు పెగలదు. ఇదేం న్యాయం చెప్పండి?

బల్లకి అవతలి పక్క మనమే ఉంటే

ఇంటిపట్టున ఉండేదానివి, నీకు ఇంటర్వ్యూల సంగతేం తెలుసమ్మా అనకండి. బల్లకి అవతలి పక్క కూర్చునే అనుభవం మన ఇల్లాళ్ళకి బోలెడుంది. ఇంట్లో పనికి మనిషిని పెట్టుకునేటప్పుడు ఇంటర్వ్యూ చేసేది ఎవరూ? మనమేగా!

పనికి వచ్చేవాళ్ళలో రెండు రకాలు. మొదటి రకం మనం ఏం చెప్పినా "అట్టాగేనమ్మా" అంటుంది. గిన్నెలా, అట్టాగే. బట్టలా, అట్టాగే. అన్నిటికీ ఒప్పుకుని చేరి, పదోరోజున చెప్పకుండా మానేస్తుంది. రెండో రకం గుమ్మంలోనే నిలబడి అడుగుతుంది: "ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా? బట్టలు మిషన్లోనా, చేత్తోనా? చుట్టాలొస్తే గిన్నెలకి వేరే ఇస్తారా? నెలకి ఎన్ని సెలవలు? డబ్బులు ఏ తారీఖున ఇస్తారు? ఇంతకుముందు చేసినామె ఎందుకు మానేసింది?"

అప్పటికి మనకి కాస్త చిరాకు వేస్తుంది, నిజమే. కానీ ఏళ్ళ తరబడి మన ఇంట్లో నిలిచేది ఈ రెండో ఆవిడే. ఎందుకంటే ఆమె అన్నీ తెలుసుకుని, లెక్క చూసుకుని, చెయ్యగలను అనుకున్నాకే చేరింది. ఆఫీసుల్లో పెద్దవాళ్ళు చూసేదీ ఇదే. మనిషిని తీసుకుని, పని నేర్పి, రెండు నెలలకే ఆమె మానేస్తే నష్టం వాళ్ళకి కూడా. అడిగే అమ్మాయిని చూస్తే "ఈమె పని గురించి ఆలోచిస్తోంది, నిలబడుతుంది" అనుకుంటారు గానీ పొగరు అనుకోరు. ఒకవేళ పద్ధతిగా అడిగిన మాటకే పొగరు అనుకునే చోటైతే, ఆ సంగతి చేరకముందే తెలిసిపోవడం మంచిదేగా!

ఆఖరి ప్రశ్నకి అంత శక్తి

నాకు బాగా తెలిసిన ఒక సంగతి చెబుతాను. మా ఆడపడుచు భర్త 2021లో కరోనాతో పోయారు. అప్పటికి వాళ్ళమ్మాయి పదో తరగతి. ఇంటద్దె అయిదో తారీఖు, చీటీ పదో తారీఖు. తను ఇంటర్ చదివి, కంప్యూటర్ నేర్చుకుని ఉంది గానీ ఇరవై ఏళ్ళుగా గడప దాటి ఉద్యోగం చేసింది లేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్లో కూర్చోడానికి ఇంటర్వ్యూకి వెళ్ళింది. జీతం బాగానే ఉంది. రేపే చేరమన్నారు. మీరేమైనా అడుగుతారా అంటే, వదిన నెమ్మదిగా "జీతం ఏ తారీఖున ఇస్తారండీ?" అంది.

"దానికేం ఇబ్బంది ఉండదమ్మా, నెల నెలా ఇచ్చేస్తుంటాం" అన్నాడాయన.

ఇంకొకరైతే అక్కడితో ఆగిపోయేవారు. వదిన మాత్రం "పోయిన నెల ఏ తారీఖున ఇచ్చారండీ?" అని అడిగింది. ఆయన పక్కనున్న అకౌంటెంటు వంక చూశాడు. ఆ అకౌంటెంటు పాపం నిజాయితీపరుడు. "ఇరవై రెండండీ" అన్నాడు.

అయిదో తారీఖున అద్దె కట్టాల్సిన ఇంటికి ఇరవై రెండో తారీఖు జీతం ఎలా సరిపోతుంది? వదిన అక్కడ చేరలేదు. ఇంకో రెండు వారాలు తిరిగి, ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో నెలకి వెయ్యి రూపాయలు తక్కువకి చేరింది. అక్కడ మూడో తారీఖు దాటకుండా జీతం పడుతుంది. ఆ వెయ్యి కోసం ఆశపడి ఉంటే ప్రతి నెలా వడ్డీకి తెచ్చుకోవాల్సి వచ్చేది.

ఇందులో కిటుకు గమనించారా? "ఎప్పుడిస్తారు?" అంటే వచ్చేది మాట. "పోయిన నెల ఎప్పుడిచ్చారు?" అంటే వచ్చేది నిజం. ఇంటర్వ్యూలో వెయ్యాల్సిన మంచి ప్రశ్నలన్నిటికీ ఇదే సూత్రం. జరగబోయేదాన్ని కాదు, జరిగినదాన్ని అడగండి. 

సాయంత్రం టైముకే పంపిస్తారా అని అడక్కండి. "నిన్న ఈ సెక్షన్‌లో వాళ్ళు ఎన్నింటికి ఇళ్ళకి వెళ్ళారండీ?" అనండి. జీతం పెంచుతారా అనకండి. "పోయిన సంవత్సరం నాలాంటి వాళ్ళకి ఎంత పెరిగిందండీ?" అనండి. పైకి రావడానికి అవకాశం ఉంటుందా అనే బదులు, "ఈ పోస్టులో చేరి ఇప్పుడు పై హోదాలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?" అనండి. జవాబులో ఒక అంకో, ఒక తారీఖో, ఒక మనిషో ఉంటే అది జవాబు. "అదంతా మేం చూసుకుంటాం కదమ్మా" అంటే అది జవాబు కాదు.

ముందు పని, తర్వాత డబ్బు

అలాగని కూర్చోగానే జీతం, సెలవలు అని మొదలెట్టకండి. వంటకి వచ్చిన మనిషి పొయ్యి ఎక్కడుందో చూడకుండా పండక్కి చీర పెడతారా అంటే మనకెలా ఉంటుంది? వాళ్ళకీ అంతే. ముందు పని గురించి అడగాలి.

"మొదటి నెల నేను ముఖ్యంగా ఏం చెయ్యాలండీ? మూడు నెలలయ్యాక నా పని బావుందని మీరు దేన్ని బట్టి అనుకుంటారు?" ఈ ఒక్క ప్రశ్నతో వాళ్ళ మనసులో ఏముందో బయటపడుతుంది. స్కూలు టీచరు ఉద్యోగానికి వెళ్ళిన అమ్మాయికి "పిల్లలకి పాఠం బాగా రావాలి" అన్న జవాబు ఒకటి, "ఈ వేసవిలో ఎన్ని అడ్మిషన్లు తెస్తారో చూస్తాం" అన్న జవాబు ఒకటి. రెండూ ఒకటి కాదు కదా!

"ఈ పోస్టు కొత్తగా పెట్టిందా అండీ, ఎవరైనా మానేస్తే ఖాళీ అయిందా?" మానేస్తేనే అయితే, "ఆమె ఎన్నాళ్ళు చేశారండీ?" అని చిరునవ్వుతో అడగండి. పెళ్ళయి ఊరు మారిందంటే సరే. ఏడాదిలో ముగ్గురు మారారంటే ఆ కుర్చీలో ఏదో ఉందన్నమాట.

"నేను ఎవరి కింద పనిచెయ్యాలండీ?" అన్నది మూడోది. వీలైతే ఆయన్నో ఆమెనో ఒకసారి చూపించమనండి. రోజూ మొహం చూడాల్సింది ఆ మనిషినే.

ఈ మూడూ అయ్యాక ఇంక డబ్బు గురించి మొహమాటపడక్కర్లేదు. అయితే ముందు రాతపరీక్ష, తర్వాత రెండు మూడు ఇంటర్వ్యూలు ఉండే పెద్ద కంపెనీల్లో జీతం మాట ఆఖరి రౌండుకి ఉంచుకోండి. ఒక్క ఇంటర్వ్యూతో తేల్చేసే చిన్నచోట్ల మాత్రం అదేరోజు అడిగెయ్యాలి.

ప్యాకేజీ వేరు, చేతికొచ్చేది వేరు

ఇప్పుడు అందరూ ఏడాదికి ఇంత ప్యాకేజీ అంటున్నారు. సీటీసీ అంటారు దాన్నే. మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు అని దానర్థం. అది మన చేతికొచ్చే జీతం కాదు సుమా! ఒక లెక్క చూడండి.

నెలకి మూలవేతనం, డీఏ కలిపి 15,000 రూపాయలు అనుకుందాం. దాని మీద కంపెనీ తన వాటాగా ప్రావిడెంట్ ఫండ్‌కి నూటికి 12 చొప్పున 1,800, ఈఎస్ఐకి నూటికి 3.25 చొప్పున 488 కడుతుంది. ఇవన్నీ కలిపితే 17,288. ఏడాదికి 2,07,456. అంటే మీకు చెప్పేటప్పుడు "రెండు లక్షల పైన ప్యాకేజీ" అంటారు. ఇక మీ 15,000 లోంచి మీ వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ నూటికి 0.75 చొప్పున 113 పోతే చేతికొచ్చేది 13,087. ఇందులోంచి బస్సు ఛార్జీలూ, ఊరు మారితే హాస్టలూ. మరి ఇల్లు నడపాల్సింది ఈ పదమూడు వేలతోనే గానీ ఆ రెండు లక్షలతో కాదుగా!

పీఎఫ్, ఈఎస్ఐ కోత మంచిదే. ఒకటి రేపటికి దాపు, ఒకటి జబ్బుకి ఆసరా. కాకపోతే కోశారే గానీ కట్టారా అన్నది మనం చూసుకోవాలి. అంచేత అడగాల్సినవి ఇవి: "అన్నీ పోగా చేతికి ఎంత వస్తుందండీ? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? యూఏఎన్ నంబరు ఎన్ని రోజుల్లో ఇస్తారు?" ఆ పన్నెండంకెల నంబరు చేతికొస్తే నెలనెలా డబ్బు పడుతోందో లేదో మన ఫోన్లోనే చూసుకోవచ్చు. మామూలుగా 20 మంది పనిచేసే చోట పీఎఫ్, 10 మంది ఉన్నచోట ఈఎస్ఐ వర్తిస్తాయని గుర్తుంచుకోండి.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న: "జీతం కంపెనీ ఇస్తుందాండీ, కాంట్రాక్టరు ఇస్తాడా?" ఫ్యాక్టరీ గేటు మీద పెద్ద కంపెనీ పేరు ఉంటుంది. చేరాక చూస్తే మనం ఎవరో కాంట్రాక్టరు మనుషులం. రేపు ఏదైనా తేడా వస్తే ఎవర్ని అడగాలో ముందే తెలిసి ఉండాలి.

జీతం తారీఖు సంగతి చట్టంలోనే ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో వేతనాల కోడ్ ఒకటి. నెల జీతం తర్వాతి నెల ఏడో తారీఖులోపు ఇవ్వాలని, మానేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని అందులో ఉంది. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు ఇవ్వాలనీ ఉంది. కాబట్టి తారీఖు అడగడం ఏమీ తప్పుకాదు.

ఏ ఉద్యోగానికి ఆ ప్రశ్న

ప్రైవేటు స్కూలైతే: "వేసవి సెలవల్లో జీతం ఉంటుందాండీ? మన ఏడాది పన్నెండు నెలలా, పది నెలలా? అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగాలా?"

బట్టల షోరూమైతే: "కౌంటర్లో సరుకు తగ్గితే మా జీతంలోంచి కోస్తారా? పండగ సీజన్లో రాత్రి ఎన్నింటిదాకా ఉండాలి? బేరం లేనప్పుడు కూర్చోవచ్చా?" ఆఖరిది విని నవ్వకండి. పొద్దుట పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే పిల్లల కాళ్ళు చూస్తే తెలుస్తుంది. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు ఈ కూర్చునే హక్కు కోసమే పోరాడితే, 2018లో అక్కడ చట్టం మార్చారు. 2021లో తమిళనాడు కూడా మార్చింది.

కాల్ సెంటరూ, రాత్రి డ్యూటీ ఉండే ఆసుపత్రీ అయితే: "క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు దాకానా? ఆఖర్న దిగేది ఆడపిల్లయితే తోడు ఎవరుంటారు?" కొత్త కోడ్ ప్రకారం రాత్రి ఏడు దాటాకా, పొద్దుట ఆరుకి ముందూ ఆడవాళ్ళతో పని చేయించుకోవాలంటే వాళ్ళ ఒప్పుదల ఉండాలి, భద్రత ఏర్పాట్లూ ఉండాలి. అంటే రాత్రి డ్యూటీ గురించి అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఫ్యాక్టరీ అయితే: "మిషన్ మీద నిలబెట్టేముందు ఎన్ని రోజులు నేర్పిస్తారు? ప్రమాదం జరిగితే ఏ దారిన బయటికి రావాలో ఎప్పుడు చూపిస్తారు? ఇదివరకు అలా అభ్యాసం చేయించింది ఎప్పుడు?" 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి 17 మంది పోయారు. ఆ మరుసటేడు జూన్ 30న పాశమైలారంలో ఇంకో మందుల ఫ్యాక్టరీ పేలుడు అంతకంటే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుంది. ఇలాంటివి చూశాక కూడా ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడదామా?

అడక్కుండానే తెలుసుకునేవి

కొన్నిటికి నోటితో పనిలేదు, కళ్ళు చాలు. ఇంటర్వ్యూకి పావుగంట ముందే వెళ్ళండి. "బాత్రూమ్ ఎక్కడుందండీ?" అని అడిగి వెళ్ళి చూసి రండి. ఆడవాళ్ళకి వేరే ఉందా, గడియ పడుతుందా, నీళ్ళు వస్తున్నాయా? ఆడవాళ్ళకి ఆ కంపెనీ ఇచ్చే మర్యాద అక్కడే తెలిసిపోతుంది. రిసెప్షన్లో కూర్చున్న పిల్ల మొహం చూడండి. ఆఫీసరు కింది ఉద్యోగిని ఏమని పిలుస్తున్నాడో వినండి. సాయంత్రం పూట గేటు దగ్గర అయిదు నిమిషాలు నిలబడి బయటికొచ్చే అమ్మాయిల్లో ఒకరిని "ఎలా ఉంటుందమ్మా ఇక్కడ?" అని పలకరిస్తే, బల్ల ముందు దొరకని జవాబులు కూడా దొరుకుతాయి.

పనిచేసే చోట వేధింపుల సంగతి నోటితో అడగాలంటే ఇబ్బందే. అందుకే ఇలా అనండి: "ఇక్కడ ఇంటర్నల్ కమిటీలో ఎవరెవరున్నారండీ?" అంతే. పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే ప్రతి చోటా ఈ కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. దానికి పెద్దగా ఒక మహిళే ఉండాలి. దీనికి మూలం 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు. ఆ విశాఖ మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. మీ ప్రశ్నకి గబుక్కున ఒక పేరు చెబితే సంతోషం. "అదేం కమిటీ?" అని మొహాలు చూసుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

వాళ్ళు అడక్కూడనిది అడిగితే

"పెళ్ళెప్పుడు చేసుకుంటావు?" "పిల్లల్ని ఎవరు చూస్తారు?" "మళ్ళీ కాన్పు ఉందా?" ఇలాంటివి ఆడవాళ్ళనే అడుగుతారు. అదే ఉద్యోగానికొచ్చిన మగవాణ్ణి మీ పిల్లల్ని ఎవరు చూస్తారని అడిగినవాణ్ణి నేను వినలేదు! కోపం తెచ్చుకోకుండా దాన్నే మన ప్రశ్నగా తిప్పుకోవచ్చు. "ఇంట్లో అన్ని ఏర్పాట్లూ చేసుకునే వచ్చానండీ. ఇక్కడ పనివేళలు, సెలవల పద్ధతి ఎలా ఉంటాయో చెబితే ఇంకా వీలుగా చూసుకుంటాను" అనండి. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా!

కాన్పు సెలవు గురించి విడిగా అడిగితే ఉద్యోగం రాదేమో అనే భయం ఉంటే, "సెలవల రూల్సు రాసిన కాగితం ఏమైనా ఉంటే చూడొచ్చాండీ?" అనండి. అన్ని రకాల సెలవలూ అందులోనే ఉంటాయి. మీరు తెలుసుకుని ఉండాల్సింది ఏమిటంటే, 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలో ఉంది. దానికి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. 50 మంది ఉన్నచోట పసిపిల్లల్ని చూసే క్రెష్ సౌకర్యం కూడా ఉండాలి.

కాగితం లేని మాట గాలిమాట

అన్నీ అడిగి, అన్నీ నచ్చాక ఆఖరి మెట్టు కాగితం. "అపాయింట్‌మెంట్ ఆర్డరు ఎప్పుడిస్తారండీ?" అని తప్పకుండా అడగండి. కొత్త కోడ్‌ల ప్రకారం అది ఇవ్వాలి కూడా. నోటితో చెప్పిన జీతం, పనివేళలు, సెలవలు అందులో ఉన్నాయో లేదో చూసుకున్నాకే సంతకం. తొందరపెడితే "ఒక్కరోజు టైమివ్వండి, ఇంట్లో చూపించి రేపు పట్టుకొస్తాను" అంటే తప్పేం లేదు.

అందులో బాండు ఉంటే జాగ్రత్త. ఇన్నేళ్ళు చెయ్యకుండా మానేస్తే ఇంత కట్టాలి అని రాయించుకుంటారు. "ఇవన్నీ ఉత్త బెదిరింపులు, కోర్టులో నిలవవు" అని చెప్పేవాళ్ళ మాట వినకండి. ఒక బ్యాంకులో మూడేళ్ళు నిండకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 మేలో ఆ షరతు చెల్లుతుందనే కోర్టు చెప్పింది. కాబట్టి ఎన్నాళ్ళు, ఎంత, ఏ ఖర్చుకి అని సంతకానికి ముందే అడగాలి.

అసలు సర్టిఫికెట్లు మాత్రం వాళ్ళ దగ్గర వదలకండి. చూపించండి, నకళ్ళు ఇవ్వండి, అసలువి తెచ్చుకోండి. "ఇక్కడే ఉంచాలి" అంటే "ఎన్నాళ్ళండీ, రసీదు ఇస్తారా?" అని అడగండి. ఆ ఒక్క కాగితం వాళ్ళ బీరువాలో ఉంటే, రేపు ఇంతకంటే మంచి ఉద్యోగం వచ్చినా కాళ్ళు కట్టేసినట్టే. ఇక డిపాజిట్ కట్టు, ట్రైనింగ్ ఫీజు కట్టు, ఫోన్లో ఈ నంబరుకి డబ్బు పంపు అంటే ఇంకేం అడక్కండి, లేచి వచ్చెయ్యండి. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గానీ మన దగ్గర డబ్బు తీసుకోడు.

ఎన్ని అడగాలి, ఎలా అడగాలి?

ఇన్ని చదివి, అన్నీ ఒకేసారి దండకంలా చదవకండి సుమా! పోలీసు ఇంటరాగేషన్ అనుకుంటారు. ఆ రోజుకి మూడో నాలుగో చాలు. మీ ఇంటికి ఏది ముఖ్యమో మీకే తెలుసు. చంటిపిల్ల తల్లికి పనివేళలు, ఇల్లు నడిపే ఆమెకి జీతం తారీఖు, ఊరు మారే పిల్లకి హాస్టలూ క్యాబూ. అవి ముందురోజు రాత్రే చిన్న కాగితం మీద రాసుకుని ఫైల్లో పెట్టుకోండి. అక్కడ ఆ కాగితం తీసి చూసుకుంటే నామోషీ ఏం కాదు. సరుకుల చీటీ చూసుకోకుండా పచారీ కొట్టుకి వెళ్తామా? జవాబులు కూడా దాని మీదే రాసుకోండి. రెండుచోట్ల ఉద్యోగం వస్తే పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. వాళ్ళు ఇంతకుముందే చెప్పింది మాత్రం మళ్ళీ అడక్కండి, విననట్టు ఉంటుంది.

ఇంట్లో ఒకసారి అభ్యాసం చెయ్యండి. అమ్మో, అక్కో, అత్తగారో ఆఫీసరులా కూర్చుంటారు. మీరు ప్రశ్నలు వెయ్యండి. గొంతు వణక్కుండా వచ్చేదాకా వెయ్యండి. అత్తగార్లూ, మీరు కూడా కోడలు పిల్లకి ఈ సాయం చేసిపెట్టండి. ఇంటి పనమ్మాయిని గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలేసిన అనుభవం మీకు మాకంటే ఎక్కువే!

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మకైనా మన ఆకలి తెలుసు. కంపెనీకి మన ఇంటద్దె తారీఖు ఎలా తెలుస్తుంది?

కత్తిరించి ఫైల్లో పెట్టుకోండి

1. మొదటి నెల నా పని ఏమిటి? ఎవరి కింద?
2. ఇదివరకు ఈ సీట్లో ఉన్నవారు ఎన్నాళ్ళు చేశారు?
3. నిన్న ఇక్కడివాళ్ళు ఎన్నింటికి ఇళ్ళకి వెళ్ళారు?
4. అన్నీ పోగా చేతికి ఎంత? పోయిన నెల జీతం ఏ తారీఖున పడింది?
5. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? జీతం ఇచ్చేది కంపెనీయా, కాంట్రాక్టరా?
6. రాత్రి డ్యూటీ ఉంటే ఇంటికి చేర్చేది ఎవరు?
7. ఇంటర్నల్ కమిటీలో ఎవరున్నారు?
8. అపాయింట్‌మెంట్ ఆర్డరు ఎప్పుడిస్తారు? బాండు ఉందా?
9. ఇవాళ్టి ఇంటర్వ్యూ ఫలితం ఎప్పటికి, ఎలా తెలుస్తుంది?

ఈ తొమ్మిదోది మర్చిపోకండి. జవాబులో తారీఖు చెబితే ఆ మర్నాడు ఒక ఫోన్ చెయ్యడానికి మీకు దారి దొరుకుతుంది. లేకపోతే "పిలుస్తాం" అన్న మాట పట్టుకుని నెలరోజులు ఫోన్ పక్కనే కూర్చోవాలి.